ప్రకటన చూసి వస్తున్నారు, కొనకుండా వెళ్తున్నారు: మీ సైటులో లోపాన్ని పట్టుకోవడం ఎలా?

మంగళగిరిలోనో పోచంపల్లిలోనో నేయించిన చీరలను సొంత వెబ్‌సైటులో అమ్ముకునేవారి నోట తరచుగా వినబడే మాట ఒకటుంది. ఇన్‌స్టాగ్రామ్‌లో ప్రకటన వేస్తే జనం వస్తున్నారు, చూస్తున్నారు, ఆర్డరు మాత్రం పెట్టడం లేదు. దానికి చాలామంది వెంటనే ప్రకటన ఖర్చు పెంచుతారు. నా ఉద్దేశంలో అది చివరగా చేయవలసిన పని. ప్రకటన తన పని తాను చేసింది, మనిషిని గుమ్మం దాకా తెచ్చింది. లోపలికి వచ్చాక ఏం జరిగిందో చూడాలి. యజమానికి అది కనబడకపోవడానికి కారణం ఉంది.

మీ ఫోనులో మీ సైటు చిటికెలో తెరుచుకుంటుంది, ఎందుకంటే బొమ్మలన్నీ ఫోను ఎప్పుడో దాచిపెట్టుకుంది. మీరు లాగిన్ అయ్యే ఉంటారు. చిరునామా ముందే నిండి ఉంటుంది. ఏ మీట ఎక్కడుందో వేలికి అలవాటు. కొనేవారికి ఇవేవీ ఉండవు. అందుకే కింద చెప్పిన ఏ సమస్యకైనా పరీక్ష ఒకే విధంగా మొదలుపెట్టండి. ఇంట్లో పక్కన పడేసిన పాత ఆండ్రాయిడ్ ఫోను తీసుకోండి. వైఫై ఆపి మొబైల్ డేటా పెట్టండి. మీ ప్రకటననే నొక్కి లోపలికి వెళ్లి, ఒక చీర ఎంచుకుని, డబ్బు కట్టేదాకా ఆగకండి. నిజంగానే కట్టండి. సగంలో ఆపితే అసలు చిక్కులున్న చోటు మీకు కనబడదు. ప్రకటన లేకుండా పరీక్షించాలనుకుంటే బ్రౌజరులో ఇన్‌కాగ్నిటో విండో తెరవండి, పాత లాగిన్లు, దాచిన బొమ్మలు అక్కడ అడ్డురావు.

ఆ తర్వాత ఫోనును ఇంకొకరి చేతికి ఇవ్వండి. వెబ్‌సైట్ల వాడుకపై దశాబ్దాలుగా పనిచేసిన జేకబ్ నీల్సన్ 2000లో ఒక లెక్క చెప్పారు: ఐదుగురితో వాడించి చూస్తే లోపాల్లో 85 శాతం దాకా బయటపడతాయని. ఐదుగురిని వెతకడం కష్టం కాదు. కష్టమల్లా వారు తడబడుతున్నప్పుడు నోరు మూసుకుని కూర్చోవడం. ‘మా సైటు ఎలా ఉంది?’ అని అడగకండి, బాగుందనే అంటారు. ‘అమ్మకు రెండు వేల లోపు కాటన్ చీర ఒకటి తీసుకోండి’ అని పని చెప్పండి. వేలు ఎక్కడ ఆగిందో, ఎక్కడ వెనక్కి వెళ్లిందో రాసుకోండి.

ఇక సమస్యలు.

సమస్య: వచ్చినవారు కొన్ని క్షణాల్లోనే వెళ్లిపోతున్నారు

ముందుగా బొమ్మల బరువు చూడండి. ఫోటోగ్రాఫరు ఇచ్చిన ఫైలును అలాగే ఎక్కిస్తే ఒక్కో బొమ్మ నాలుగైదు ఎంబీలు ఉంటుంది. మొదటి పేజీలో అలాంటివి ఇరవై పెడితే నెట్ సరిగా అందని చోట తెల్ల తెర తప్ప ఏమీ కనబడదు. గూగుల్ వారి ‘పేజ్‌స్పీడ్ ఇన్‌సైట్స్’లో మీ సైటు చిరునామా వేస్తే ఉచితంగానే లెక్క చెబుతుంది. పేజీలోని ప్రధాన బొమ్మ లేదా రాత 2.5 సెకన్లలోపు కనబడాలన్నది గూగుల్ పెట్టుకున్న కొలమానం. ఫోనులో చూపే బొమ్మ 1200 పిక్సెళ్ల వెడల్పు ఉంటే సరిపోతుంది. బొమ్మ బరువు తగ్గించే వెబ్‌పీ అనే ఫైలు రూపంలోకి మార్చి, ఒక్కొక్కటి 200 కేబీలోపు ఉండేలా చూడండి. జూమ్ చేసి నేత చూడాలనుకునేవారికి పెద్ద బొమ్మను విడిగా, వారు నొక్కినప్పుడు మాత్రమే తెరుచుకునేలా పెట్టండి.

వేగం బాగానే ఉన్నా వెళ్లిపోతున్నారా? ప్రకటన ఎక్కడికి తీసుకువెళ్తోందో చూడండి. ప్రకటనలో మెరూన్ రంగు చీర చూపించి, నొక్కితే మొదటి పేజీకి తీసుకెళ్లే సైట్లు ఎన్నో. ఆ చీర కోసం వచ్చిన మనిషి వందల చీరల్లో దాన్ని వెతకరు. ప్రకటన లింకు ఆ చీర పేజీకే వెళ్లాలి. చేనేతలో దీనికి ఇంకో చిక్కు ఉంది. ఒక్కో రంగులో ఒకటో రెండో చీరలే ఉంటాయి, ప్రకటన నడుస్తుండగానే అమ్ముడైపోతాయి. అప్పుడు ‘స్టాకు లేదు’ అన్న ఒక్క మాటతో పేజీని వదిలేయకండి. అదే అంచుతో వేరే రంగులు, అదే రంగులో వేరే అంచులు దాని కిందే చూపండి. మళ్లీ నేయించగలిగితే ఎన్ని వారాలు పడుతుందో రాయండి.

ఒక్క చీరైనా చూడకముందే ‘ఫోను నంబరు ఇస్తే పది శాతం తగ్గింపు’ అంటూ తెరంతా కప్పేసే పెట్టె ఉంటే తీసేయండి. చిన్న తెర మీద దాన్ని మూసే గుర్తు వేలికి అందదు. దాన్ని మూయడం చేతకాక సైటునే మూసేస్తారు.

సమస్య: చీర పేజీ దాకా వస్తున్నారు, కార్టులో వేయడం లేదు. లేదా వాట్సాప్‌లో అవే ప్రశ్నలు అడుగుతున్నారు

ఇక్కడ ఎక్కువసేపు నిలబడదాం, ఎందుకంటే చీరల సైట్లలో పెద్ద లోపం ఇదే. ఈ రెండు లక్షణాలకూ మూలం ఒకటే: పేజీ చెప్పాల్సినవి చెప్పలేదు. ఓపిక ఉన్నవారు వాట్సాప్‌లో అడుగుతారు, లేనివారు వెళ్లిపోతారు.

చీరల దుకాణంలో ఏం జరుగుతుందో గుర్తు చేసుకోండి. అమ్మే మనిషి చీరను మడతలోనే చూపి ఊరుకోడు. విప్పుతాడు, కొంగు పరుస్తాడు, అంచు చేతి మీదకు తెస్తాడు, బ్లౌజు ముక్క ఏ రంగులో ఉందో తీసి చూపిస్తాడు. కొనేవారు బట్టను వేళ్ల మధ్య పెట్టి చూస్తారు. రంగు మీద అనుమానం వస్తే పగటి వెలుతురులో చూద్దామని గుమ్మం దగ్గరికి తీసుకెళ్తారు. ఇప్పుడు మీ పేజీ తెరవండి. మడత పెట్టిన చీర ఫోటో ఒకటి, కింద ‘ఎంజీ 204 నిజాం’ అన్న పేరు, ధర. కొనేవారు దుకాణంలో చేసే పనుల్లో ఒక్కదానికీ ఇక్కడ అవకాశం లేదు.

కాబట్టి ఫోటోలు ఆ వరుసలోనే తీయండి: పూర్తి చీర, పరిచిన కొంగు, అంచు దగ్గరగా, బ్లౌజు ముక్క, చీర కట్టుకున్న మనిషి. అంచు పక్కన చేయి ఉంచి తీస్తే వెడల్పు ఎంతో చెప్పకుండానే తెలుస్తుంది. రంగు కోసం ఒక ఫోటో తప్పకుండా పగటి వెలుతురులో, నీడపట్టున తీయాలి. ట్యూబులైటు కింద తీస్తే ఆకుపచ్చ ఒక తీరుగా, స్టూడియో దీపాల కింద తీస్తే ఇంకో తీరుగా వస్తుంది. ‘రంగు వేరేగా ఉంది’ అంటూ వెనక్కి వచ్చే చీరల మూలం అక్కడే. పడుగు ఒక రంగు, పేక ఒక రంగు వేసి నేసిన చీరైతే నీడలో ఒకలా, ఎండలో ఒకలా మెరుస్తుంది. అది ఆ నేతకు ఉన్న అందమని మాటల్లో రాయండి, కొన్ని సెకన్ల వీడియో పెట్టండి. రాయకపోతే అదే ఫిర్యాదుగా తిరిగొస్తుంది.

వివరాలు కూడా అలాగే. ‘ప్రీమియం క్వాలిటీ, సాటిలేని అందం’ అన్న వాక్యాలతో ఎవరికీ ఏమీ తెలియదు. చీర పొడవు 5.5 మీటర్లా, బ్లౌజు ముక్క అందులో కలిసి ఉందా, విడిగా 80 సెంటీమీటర్లు ఉందా? నూలా, పట్టా, రెండూ కలిసిందా? మగ్గం మీద నేసిందా? మొదటిసారి ఉప్పునీటిలో నానబెట్టాలా, డ్రై క్లీనింగ్‌కే ఇవ్వాలా? ఏ రోజుకు చేరుతుంది? మీ వాట్సాప్‌లో గత నెల సంభాషణలు తెరిచి, మళ్లీ మళ్లీ వచ్చిన ప్రశ్నలు వరుసగా రాసుకోండి. ఆ జాబితాయే మీ పేజీకి కావలసిన విషయసూచిక. జవాబులు కూడా మీరక్కడ మంచి తెలుగులో ఇప్పటికే రాసి ఉంటారు, వాటినే తెచ్చి పేజీలో పెట్టండి.

పేజీలో వాట్సాప్ మీట కూడా ఉంచండి. కొందరికి మనిషితో మాట్లాడితేనే ధైర్యం. అయితే ఆ లింకులో నంబరుకు ముందు 91 ఉందో లేదో చూడండి, లేకపోతే సంభాషణ తెరుచుకోదు. మీట నొక్కగానే ఏ చీర గురించి అడుగుతున్నారో ఆ పేరు సందేశంలో ముందే నిండి ఉండేలా పెడితే ఇద్దరికీ సౌకర్యం.

సమస్య: కార్టులో వేసి, డబ్బు కట్టకుండా ఆగిపోతున్నారు

కొంతమంది ఆగడం మామూలే. ఆన్‌లైన్ కొనుగోళ్లపై పరిశోధన చేసే బేమార్డ్ ఇన్‌స్టిట్యూట్ సగటు లెక్క ప్రకారం కార్టుల్లో సుమారు 70 శాతం మధ్యలోనే వదిలేసినవే. ఊరికే చూద్దామని వచ్చినవారిని పక్కన పెడితే, అందరికంటే ఎక్కువగా చెప్పే కారణం చివర్లో బయటపడే అదనపు ఖర్చులు. 1,450 రూపాయల చీర అని చూసి వచ్చినవారికి చివరి తెర మీద డెలివరీ 120, ప్యాకింగ్ 40 కలిపి కనబడితే మోసపోయినట్టు అనిపిస్తుంది. మొత్తం తక్కువే కావచ్చు, కానీ నమ్మకం పోతుంది. చట్టం కూడా దీన్ని పట్టించుకుంది. కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2023 నవంబరు 30న ఇచ్చిన డార్క్ ప్యాటర్న్స్ (కొనేవారిని తప్పుదోవ పట్టించే పద్ధతులు) మార్గదర్శకాల్లో పేర్కొన్న 13 పద్ధతుల్లో ధరను విడతలవారీగా బయటపెట్టడం ఒకటి. అడగని వస్తువును కార్టులో చేర్చడం, లేని తొందర పుట్టించడం కూడా అందులో ఉన్నాయి. ‘ఇంకా రెండే మిగిలాయి’ అన్నది నిజమైతేనే రాయండి. డెలివరీ ఛార్జీని చీర ధర పక్కనే రాయండి, వీలైతే ధరలోనే కలపండి.

తర్వాత చూడాల్సింది ఖాతా తెరవమనే తెర. మొదటిసారి కొనేవారిని పాస్‌వర్డు పెట్టుకోమనడం అనవసరం. ఫోను నంబరు, పేరు, చిరునామా చాలు. పిన్‌కోడ్ గడిని నొక్కితే అంకెల కీబోర్డు రావాలి, అక్షరాలది కాదు. సైటు చేసినవారికి చెబితే కొద్దిసేపట్లో అయిపోయే పని.

ఇంకొకటి యజమానులకు దాదాపు ఎప్పుడూ కనబడదు. ఇన్‌స్టాగ్రామ్ ప్రకటన నొక్కినప్పుడు సైటు ఆ యాప్ లోపలే ఉన్న బ్రౌజరులో తెరుచుకుంటుంది. అక్కడి నుంచి యూపీఐ యాప్‌కు వెళ్లడం కొన్ని ఫోన్లలో కుదరదు, లేదా డబ్బు కట్టి తిరిగి వచ్చేసరికి కార్టు ఖాళీ అయి ఉంటుంది. ప్రకటన నుంచే మొదలుపెట్టి డబ్బు కట్టి చూడమని పైన చెప్పింది ఇందుకే. అలా జరుగుతుంటే మీ సైటులో చెల్లింపులు నడిపే పేమెంట్ గేట్‌వే వారితో మాట్లాడండి. వారు సరిచేసేదాకా ఆ పేజీలో క్యూఆర్ కోడ్, యూపీఐ ఐడీ కూడా చూపించండి.

సమస్య: అందరూ క్యాష్ ఆన్ డెలివరీయే అడుగుతున్నారు, కొందరు పార్సిల్ తీసుకోవడం లేదు

మీరెవరో వారికి తెలియదు, అంతే. సైటులో ఊరి పేరు, చిరునామా, ఫోను లేకపోతే ముందుగా డబ్బు పంపడానికి ఎవరికైనా సంకోచమే. 2020 నాటి ఈ-కామర్స్ నియమాల ప్రకారం సంస్థ పేరు, చిరునామా, సంప్రదించే వివరాలు, ఫిర్యాదుల అధికారి పేరు సైటులో ఉండాలి. ఫిర్యాదు అందినట్టు 48 గంటల్లో తెలియజేయాలి, నెలలోగా పరిష్కరించాలి. ఇవి పెట్టడం బాధ్యత మాత్రమే కాదు, అమ్మకానికి బలం కూడా. మగ్గం, నేసేవారు, మీ దుకాణం ముందు భాగం ఉన్న అసలు ఫోటోలు పెట్టండి, కొన్న ఫోటోలు వద్దు. పవర్‌లూమ్ చీరను చేనేతగా అమ్ముతారన్న భయం కొనేవారిలో ఉంది. మీకు హ్యాండ్లూమ్ మార్కు (చేనేత అని ధ్రువీకరించే ప్రభుత్వ గుర్తు) ఉంటే చీర మీద ఉన్న ఆ లేబుల్‌ను ఫోటో తీసి చూపండి. సైటు చిరునామా పక్కన ‘సురక్షితం కాదు’ అని కనబడుతుంటే అన్నిటికంటే ముందు అది సరిచేయించండి. హెచ్‌టీటీపీఎస్ (సమాచారాన్ని ఇతరులకు అర్థం కాకుండా పంపే సురక్షిత పద్ధతి) లేని సైట్లన్నిటికీ క్రోమ్ 2018 జులై నుంచి ఆ హెచ్చరిక చూపిస్తోంది.

సమస్య: గూగుల్‌లో వెతికితే దొరకడం లేదు

మీ దుకాణం పేరుతో వెతికి చూసి బాగానే ఉందనుకోకండి, కొత్తవారికి ఆ పేరు తెలియదు. వారు ‘మంగళగిరి కాటన్ చీర బ్లౌజుతో’ అని వెతుకుతారు. మీ పేజీ పేరు ‘ఎంజీ 204’ అయితే ఎలా కలుస్తుంది? సైటు యజమానుల కోసం గూగుల్ ఇచ్చే సెర్చ్ కన్సోల్‌లో, మీ సైటు కనబడిన వెతుకులాటల్లో జనం వాడిన మాటలు కనబడతాయి, ఆ మాటలతోనే పేర్లు పెట్టండి. వివరాలను బొమ్మలో రాసి పెట్టకండి. ప్రింటింగ్ ప్రెస్సుకు ఇచ్చిన పాత ఫాంటులోని తెలుగును అలాగే అతికిస్తే ఇతరుల ఫోన్లలో పిచ్చి గీతలుగా కనబడుతుంది, అన్ని ఫోన్లూ చదవగలిగే యూనికోడ్‌లోకి మార్చాకే పెట్టండి.

సమస్య: అమెరికా నుంచి చూసేవారు ఎక్కువ, ఆర్డర్లు లేవు

చిరునామా గడి ఆరంకెల పిన్‌కోడ్ మాత్రమే తీసుకుంటుంటే డాలస్‌లో ఉన్నవారి ఐదంకెల జిప్ కోడ్ అందులో పట్టదు. ఫోను గడి పదంకెలతోపాటు దేశం కోడ్ కూడా తీసుకోవాలి. ఓటీపీ భారత నంబర్లకే వెళ్తుంటే ఈమెయిల్ దారి పెట్టండి. విదేశీ కార్డులను చాలా పేమెంట్ గేట్‌వేలు విడిగా అనుమతి అడిగితే గానీ తీసుకోవు, మీ ఖాతాలో ఆ అనుమతి ఉందో లేదో చూడండి. అక్కడికి పంపే ఖర్చు, పట్టే రోజులు, కస్టమ్స్ సుంకం ఎవరు కట్టాలో చీర పేజీలోనే చెప్పండి.

ఏది ముందు?

డబ్బుకు దగ్గరగా ఉన్న లోపం నుంచి వెనక్కి రండి. కొనాలని నిర్ణయించుకుని డబ్బు కట్టలేక ఆగినవారు మొదట, చీర పేజీలో అనుమానంతో ఆగినవారు తర్వాత, వేగం ఆ పైన, గూగుల్ వెతుకులాట చివర. ఒకేసారి అన్నీ మార్చితే ఏది పనిచేసిందో తెలియదు. ఒక మార్పు చేసి, రెండు వారాలు కార్టులు, ఆర్డర్లు పక్కపక్కన రాసుకుని, తర్వాతి దానికి వెళ్లండి. ఈ లెక్కన నాలుగు మార్పులకు రెండు నెలలు పడుతుంది కనుక, శ్రావణమాసం అమ్మకాలు అందుకోవాలనుకునేవారు వైశాఖంలోనే మొదలుపెట్టాలి.