ఆఫీసులో కోపం – 3వ పాఠం: జరిగింది వేరు, అనుకున్నది వేరు

కోపం వచ్చేముందు ఒంట్లో కనిపించే గుర్తులను కిందటి పాఠంలో చూశాం. దవడ బిగుసుకోవడం, చెవులు వేడెక్కడం, గొంతు పెరగడం లాంటివి. అవి ఇంకా మీకు పట్టుబడకపోతే మరో వారం ఆ పాఠంలోనే ఉండండి. తొందరేం లేదు.

ఈసారి పట్టుకోవాల్సింది కోపం వెనకున్న మాటని. మీటింగ్‌లో మీరు మాట్లాడుతుంటే మేనేజరు మధ్యలో ఆపి, "అది తర్వాత చూద్దాం" అన్నారనుకోండి. జరిగింది అంతే. ఈలోపు మీ మనసు దానికి ఇంకో వాక్యం తగిలించేసింది: "అందరి ముందూ నా పరువు తీశారు." ఒళ్ళు మండేది ఎక్కువగా ఈ రెండో వాక్యానికే. అమెరికన్ మనస్తత్వవేత్త ఆల్బర్ట్ ఎల్లిస్ 1950లలో మొదలుపెట్టిన చికిత్సకు ఆధారం ఇదే. జరిగినదానికీ మనకు కలిగే భావానికీ మధ్య మన నమ్మకం ఒకటి పనిచేస్తుందని, దాన్ని పరీక్షించి మార్చుకోవచ్చని ఆయన చెప్పాడు.

ఇక అభ్యాసం. ఒక కాగితం మధ్యలో నిలువుగా గీత గీయండి. ఎడమవైపు కెమెరాలో రికార్డయ్యేది మాత్రమే రాయాలి. మీరు అనుకున్నదంతా కుడివైపు. చాలామంది తడబడేది ఇక్కడే. "వెటకారంగా అన్నాడు" అని ఎడమవైపు రాసేస్తారు. కెమెరాకు మాట, గొంతు, ముఖం తెలుస్తాయి గానీ వెటకారం తెలియదు. అది మన తీర్పు. "ఎప్పుడూ", "ఎవ్వరూ", "కావాలనే" అన్న మాటలు ఎడమవైపు కనిపిస్తే అనుమానించండి. వాటి చోటు దాదాపుగా కుడివైపే.

తర్వాత కుడివైపున్న ఒక్కో వాక్యం కింద, అది కాకుండా ఇంకే కారణం ఉండొచ్చో రాయండి. టైమ్ అయిపోతోందేమో, ఆ విషయం వేరేవాళ్ళ ముందు వద్దనుకున్నారేమో. నిజంగానే పరువు తీయాలని అన్నారేమో కూడా! ఇదంతా ఎదుటివాళ్ళను వెనకేసుకురావడానికి కాదు. ఎడమవైపు అదే తీరు మళ్ళీ మళ్ళీ కనిపిస్తుంటే మీ ఫిర్యాదుకు బలం ఉన్నట్టే. అందుకే తేదీ వేయడం మరవొద్దు. దాన్ని ఎవరి ముందు, ఎలా పెట్టాలో 4వ పాఠంలో చూద్దాం.

ఒక హెచ్చరిక. కోపాన్ని కక్కేస్తే పోతుందని అందరూ అంటారు, నేను మాత్రం ఒప్పుకోను. మనస్తత్వవేత్త బ్రాడ్ బుష్‌మన్ 2002లో ప్రచురించిన ప్రయోగంలో 600 మంది విద్యార్థులు పాల్గొన్నారు. వాళ్ళు రాసిన వ్యాసాలను ఘోరంగా విమర్శించి ముందు కోపం తెప్పించారు. ఆ విమర్శించిన మనిషిని తలుచుకుంటూ పంచింగ్ బ్యాగును గుద్దినవాళ్ళకు కోపం అందరికంటే ఎక్కువగా మిగిలింది. ఏమీ చేయకుండా కాసేపు ఊరికే కూర్చున్నవాళ్ళు వాళ్ళకంటే నయం. కాబట్టి మీటింగ్ నుంచి బయటికి రాగానే పక్క సీటు స్నేహితుడి దగ్గరికి పరిగెత్తకండి. అతను "అవును, నీకు అన్యాయం జరిగింది" అంటూ వంత పాడితే కుడివైపు వాక్యాలు ఇంకో నాలుగు పెరుగుతాయి. ముందు కాగితం, మాటలు తర్వాత. మెయిల్‌కి జవాబు రాయకుండా ఉండలేకపోతే రాసుకోండి, కానీ ఎవరికి పంపాలో ఆ చోటు ఖాళీగా వదిలేయండి.

ఈ వారం చిన్న చిన్న చిరాకులతోనే సాధన చేయండి. ఆలస్యంగా వచ్చిన ఫైలు, జవాబు రాని మెసేజ్ లాంటివి చాలు. ఏళ్ళ తరబడి రగులుతున్న గొడవను ఇప్పుడే ముట్టుకోవద్దు. రాసిన కాగితాల్లో ఒకటి వచ్చే పాఠానికి దగ్గర పెట్టుకోండి. దాన్ని ఆఫీసు కంప్యూటర్లో మాత్రం దాచకండి.