కర్నూలు బస్సెక్కే ముందు మధ్యాహ్నం ఖాళీ దొరికితే సాలార్‌జంగ్ మ్యూజియం ఇట్లా చూడండి

మన కర్నూలోళ్ళం హైదరాబాద్ పోయేది ఎక్కువగా పనిమీదే, ఆసుపత్రిలో చూపించుకోడానికో, పరీక్ష రాయడానికో, పిల్లోళ్ళని హాస్టల్లో దింపడానికో. పొద్దున్నే పని అయిపోతాది, రాత్రి బస్సుకి ఇంకా బోలెడు టైముంటాది, చాలామంది ఆ మధ్యాహ్నమంతా ఎంజీబీఎస్ బస్టాండులోనే కూచోని ఫోన్ చూసుకుంటా గడిపేస్తారు. అక్కడికి దగ్గర్లోనే మూసీ పక్కన, దారుల్‌షిఫాలో సాలార్‌జంగ్ మ్యూజియం ఉంది, ఎండ తక్కువుంటే నడిచే పోవచ్చు. ఇంత దగ్గరికొచ్చి చూడకుండా పోతాంటే నాకు నిజంగా బాధేస్తాది, అందుకే ఇదంతా రాస్తున్నా.

శుక్రవారం మాత్రం పోవద్దు, ఆరోజు మూసేస్తారు. మిగతా రోజుల్లో పొద్దున 10 నుంచి సాయంత్రం 5 దాకా ఉంటాది కానీ టికెట్లు ఇచ్చేది ముందే ఆపేస్తారు, కాబట్టి ఒంటిగంట, ఒంటిగంటన్నరకల్లా లోపలుండేట్టు చూసుకోండి. అన్నం ముందే తినేయండి. బ్యాగులు గేటు దగ్గరే పెట్టి పోవాల, అందుకని పెద్ద సూట్‌కేసులు చుట్టాలింట్లోనో లాడ్జిలోనో వదిలేసి చేతులూపుకుంటా రండి. ఆదివారాలు స్కూలు పిల్లలు, ఫ్యామిలీలు, తోపులాట, వీలైతే వారం మధ్యలో పెట్టుకోండి.

ఇప్పుడు అసలు మాట. అన్నీ చూసేయాలని మాత్రం అనుకోవద్దప్పా. ముప్పైకి పైగా గ్యాలరీలున్నాయి, ఇదంతా ఎక్కువగా మూడో సాలార్‌జంగ్ మీర్ యూసుఫ్ అలీ ఖాన్ పోగేసింది, ఆయన 1912లో నిజాం దగ్గర దివాను, అంటే ప్రధానమంత్రి అయి 1914లో ఆ పని వదిలేసి, పెళ్ళి కూడా చేసుకోకుండా 1949లో పోయేదాకా ప్రపంచంలో యాడ మంచి వస్తువుంటే ఆడినుంచి తెప్పించుకున్నాడు, వాళ్ళ తాత, నాయిన కొన్నవి కూడా దాంట్లో కలిసినాయి. తరాల తరబడి కూడబెట్టింది మూడు గంటల్లో చూడాలంటే పరిగెత్తడమే అవుతాది, బయటికొచ్చినాక ఒక్కటీ గుర్తుండదు. ఐదారు వస్తువులు ఎంచుకోండి, ఒక్కోదాని ముందర పది నిమిషాలు నిలబడండి, అంతే.

టైమంతా అక్కడున్న పెద్ద గడియారాన్ని బట్టి ప్లాన్ చేసుకోండి. మధ్య బిల్డింగులో ఉంటాది, కలకత్తా కుక్ అండ్ కెల్వీ కంపెనీది, గంట కొట్టే టైముకి లోపలినుంచి గడ్డం మనిషి బొమ్మ తలుపు తీసుకోని వచ్చి, ఎన్ని గంటలైతే అన్ని దెబ్బలు కొట్టి మళ్ళీ లోపలికి పోతాది. పక్కన చిన్న కమ్మరి బొమ్మ సెకనుకో దెబ్బ వేస్తానే ఉంటాది, అందరూ పెద్ద బొమ్మ కోసం చూస్తాంటారు గానీ మీరు ఆ కమ్మరిని చూడండి. పన్నెండు గంటలప్పుడు జనం మరీ ఎక్కువ, రెండుకో మూడుకో అయితే ఊపిరాడతాది, కానీ ఐదు నిమిషాల ముందే చోటు చూసుకోండి.

ఆ తర్వాత మేలిముసుగు రెబెకా. ఇటలీ శిల్పి జొవాన్నీ మారియా బెంజోని చెక్కిన పాలరాతి బొమ్మ, ఆ మూడో సాలార్‌జంగ్ తాత, మొదటి సాలార్‌జంగ్ 1876లో రోములో కొన్నాడు. చాలామంది ఎదురుగా నిలబడి ఫోటో తీసుకోని పోతారు, అట్లా చేయొద్దు, పక్కకి జరగండి. ముక్కు మీద ముసుగు తగిలి ఆనుకున్న చోటు చూడండి, పెదాల దగ్గర గుడ్డ కొంచెం లోపలికి పోయినట్టుంటాది, ముసుగు వెనకాల ముఖం కనపడతాంటాది, కానీ అక్కడ ముసుగూ లేదు వెనకాల ముఖమూ లేదు, ఉన్నది ఒకే రాయి. ఎత్తు పల్లాలు అంత సన్నగా చెక్కితే వెలుతురు నీడా కలిసి మన కంటికి పల్చటి గుడ్డలా అనిపిస్తాది. బేతంచెర్ల బండల మీద నడిచి పెరిగినోళ్ళం, రాయి ఎంత మొండిదో మనకి వేరే చెప్పాలా, అందుకే మనకి ఈ బొమ్మ ఇంకా ఎక్కువ తెలుస్తాదని నా నమ్మకం.

జంట బొమ్మ కూడా వదలొద్దు. ఒకే చెక్క, ముందువైపు గర్వంగా నిలబడ్డ మెఫిస్టోఫిలిస్ అనే సైతాను, వెనకవైపు తలొంచుకున్న మార్గరెట్టా, ఒక జర్మన్ నాటకంలో పాత్రలు. వెనకాల అద్దం పెట్టినారు కాబట్టి రెండూ ఒకేసారి కనపడతాయి, ముందు అద్దంలోకి చూడకుండా మెఫిస్టోఫిలిస్‌నే బాగా చూసి తర్వాత అద్దంలోకి చూడండి, తేడా తెలుస్తాది.

జేడ్ అనే విలువైన రాతి వస్తువుల గ్యాలరీలో జహంగీర్ బాకు, నూర్జహాన్ పండ్లు కోసుకునే చాకు ఉన్నాయి, చిన్నవే, అద్దానికి దగ్గరగా వంగి చూడాల. దక్కనీ మినియేచర్లు, అంటే సన్నటి పనితనముండే చిన్న చిన్న బొమ్మల దగ్గర మాత్రం తొందరపడొద్దు. 18వ శతాబ్దంలో మన కర్నూలు నవాబుల కొలువులో కూడా బొమ్మలు వేసేవాళ్ళుండేవాళ్ళు, దక్కనీ చిత్రకళ గురించి రాసేవాళ్ళు కర్నూలు పేరు కూడా చెప్తారు, మనూళ్ళో ఎంతమందికి తెలుసు ఈ సంగతి? ఆ బొమ్మల్లో బట్టల మీద పూలు, కొండలకేసిన రంగులు, గుర్రం జీను మీద పని, ఒక్కో అంగుళం చదవండి.

యూరప్‌వి పడమటి బ్లాకులో, చైనా జపాన్‌వి తూర్పు బ్లాకులో ఉంటాయి. ఓపికుంటే రెండింట్లో ఒకటి చాలు, నన్నడిగితే తూర్పు బ్లాకే చెప్తా.

పెద్దోళ్ళతో పోతే మధ్యమధ్యలో కూచోబెట్టండి, మోకాళ్ళ నొప్పులున్నోళ్ళని అన్ని గదులూ తిప్పాల్సిన పనిలేదు, గడియారం, రెబెకా చూపిస్తే సంతోషపడతారు. పిల్లోళ్ళకైతే చిన్న నోట్‌బుక్కు, పెన్సిలు ఇచ్చి ఆయుధాల దగ్గర ఒక్క కత్తి బొమ్మ గీయమనండి, గీయాలంటే పిడి ఎట్లుంది, అంచు యాడ వంగిందని వాళ్ళే చూస్తారు, మీరు ఆ పక్కనున్న డాలు చూసుకోవచ్చు.