కాన్‌ఫికర్ వార్మ్‌ను తీయబోయే ముందు

కాన్‌ఫికర్ విండోస్ కంప్యూటర్లకు పట్టే వార్మ్, అంటే నెట్‌వర్క్‌లో తనంతట తానే ఒకదాని నుంచి ఇంకోదానికి పాకే హానికర ప్రోగ్రామ్. 2008 నవంబరులో బయటపడింది, పాతదే. కానీ ఎక్స్‌పీ, విండోస్ 7 నడుస్తున్న ల్యాబ్‌లో, గోదాములో, చిన్న ఆఫీసులో ఇప్పటికీ తగలొచ్చు. ఒక మెషిన్‌లో దాన్ని తీయడం పెద్ద పనేం కాదు. అదే గదిలో తీయకుండా మిగిలిన ఇంకో మెషిన్ దాన్ని మళ్ళీ అంటిస్తుంది, అసలు చిక్కంతా అక్కడే.

ముందు అదేనా అని తేల్చుకోండి. మిగతా సైట్లన్నీ తెరుచుకుంటూ, మైక్రోసాఫ్ట్, యాంటీవైరస్ కంపెనీల సైట్లు మాత్రమే రాకపోతే అనుమానించాలి. సైట్లను దారి మళ్ళించడానికి వాడే హోస్ట్స్ ఫైల్ వెతికి లాభం లేదు, అది శుభ్రంగానే ఉంటుంది. వార్మ్ మెమరీలోనే డీఎన్ఎస్ ప్రశ్నలను (సైటు పేరుకు చిరునామా అడిగేవాటిని) అడ్డుకుంటుంది. విండోస్ అప్‌డేట్, బిట్స్ (అప్‌డేట్లను వెనకాల దించేది), డిఫెండర్ సర్వీసులు ఆగిపోయి ఉంటాయి. కనెక్షన్లు చూపే నెట్‌స్టాట్ కమాండ్‌లో చూస్తే ఊరూపేరూ లేని ఐపీ చిరునామాలకు, విండోస్ ఫైల్ షేరింగ్ వాడే 445 పోర్టు మీద వరుసగా ప్రయత్నాలు కనిపిస్తాయి. డొమైన్ (ఆఫీసు ఖాతాలన్నీ ఒకే సర్వర్ నుంచి నడిచే ఏర్పాటు) ఉన్న చోట ఎవరూ తప్పు పాస్‌వర్డ్ కొట్టకుండానే యూజర్ల ఖాతాలు లాక్ అవుతుంటాయి. లాక్ తీసుకుంటూ కూర్చుంటే రోజంతా అదే పని. వార్మ్ తన దగ్గరున్న తేలిక పాస్‌వర్డ్‌ల జాబితాను ప్రతి ఖాతా మీదా ప్రయోగిస్తోందన్నమాట.

తేలగానే కేబుల్ పీకేయండి, వైఫై ఆపేయండి. వీలైతే గదిలోని స్విచ్‌నే ఆపడం మేలు.

ఇప్పుడు అన్నిటికంటే ముఖ్యమైన జాగ్రత్త: అంటుకున్న మెషిన్‌లోకి డొమైన్ అడ్మిన్ ఖాతాతో లాగిన్ కావద్దు. లాగిన్ అయి ఉన్న మనిషి హక్కులతోనే వార్మ్ పక్క కంప్యూటర్ల అడ్మిన్ షేర్లలోకి (అడ్మిన్‌లకే తెరుచుకునే దాచిన ఫోల్డర్లలోకి) తనను కాపీ చేసుకుంటుంది, అక్కడ షెడ్యూల్డ్ టాస్క్ (ఫలానా సమయానికి దానంతటదే నడిచే పని) పెట్టి నడిపిస్తుంది. బాగు చేద్దామని కూర్చున్న అడ్మినే ఆఫీసంతటి తాళాలూ దాని చేతిలో పెట్టినట్టు అవుతుంది. ఆ ఒక్క మెషిన్‌కే చెల్లే లోకల్ అడ్మిన్ ఖాతా చాలు.

టూల్స్, ప్యాచ్‌లు శుభ్రమైన మెషిన్‌లో దించుకుని సీడీకి రాయండి. పెన్‌డ్రైవ్ అయితే రైట్ లాక్ (రాయడాన్ని ఆపే మీట) ఉన్నదే వాడాలి. మామూలుది అంటుకున్న మెషిన్‌లో పెట్టిన క్షణంలోనే అందులో ఆటోరన్ ఫైల్ (డ్రైవ్ పెట్టగానే ఏది నడవాలో చెప్పేది), రీసైక్లర్ అనే దాచిన ఫోల్డర్ చేరతాయి. ఆ పెన్‌డ్రైవ్‌ను విస్టాలోనో ఎక్స్‌పీలోనో పెడితే వచ్చే ఆటోప్లే పెట్టెను జాగ్రత్తగా చూడండి. ఫోల్డర్ బొమ్మతో, ఫైళ్లు చూడటానికి తెరవమనే వరుస రెండుసార్లు ఉంటుంది. పైన (విస్టాలో అయితే ప్రోగ్రామ్ నడిపే శీర్షిక కింద) ఉన్నది వార్మ్‌దే.

పని వరుస ఇలా పెట్టుకోండి. మొదట, వార్మ్ నెట్‌వర్క్ మీదుగా దూరే విండోస్ రంధ్రాన్ని (భద్రతా లోపాన్ని) మూసే ఎంఎస్08-067 ప్యాచ్, అంటే మైక్రోసాఫ్ట్ అప్‌డేట్ నంబరు కేబీ958644. విండోస్ 7కు ఈ రంధ్రం లేదు. దానికి ఎక్కువగా తేలిక పాస్‌వర్డ్‌ల దారిలోనే వస్తుంది. స్కానర్ "ప్యాచ్ ఉంది" అన్నంత మాత్రాన నమ్మకండి, పోటీ వార్మ్‌లు రాకుండా కాన్‌ఫికరే మెమరీలో ఆ రంధ్రం మూసుకుంటుంది. ఇన్‌స్టాల్ అయిన అప్‌డేట్ల జాబితాలో నంబరు కనబడాలి.

ఆ తర్వాత వార్మ్‌ను తీసేసే రిమూవల్ టూల్. కాన్‌ఫికర్‌లో కొన్ని రకాలు సేఫ్ మోడ్ రిజిస్ట్రీ కీనే చెరిపేస్తాయి, కాబట్టి సేఫ్ మోడ్ మీద ఆశ పెట్టుకోక, బూట్ అయ్యే రెస్క్యూ డిస్క్ ఒకటి చేతిలో ఉంచుకోండి. రిస్టోర్ పాయింట్లు కూడా పోయి ఉండొచ్చు, వెనక్కి వెళ్లొచ్చులే అనుకోవద్దు.

టూల్ పని అయ్యాక విండోస్ టాస్క్స్ ఫోల్డర్ తెరిచి, ఏటీ1, ఏటీ2 లాంటి పేర్లతో మిగిలిన జాబ్‌లు చెరపండి. ఇవి మిగిలితే కథ మళ్ళీ మొదటికొస్తుంది. ఆటోరన్‌ను అన్ని రకాల డ్రైవ్‌లకూ ఆపాలి. రిజిస్ట్రీలో నోడ్రైవ్‌టైప్‌ఆటోరన్ విలువను హెక్స్‌లో ఎఫ్ఎఫ్ చేయండి. ఎక్స్‌పీ ఆ సెట్టింగ్‌ను పూర్తిగా పాటించాలంటే కేబీ967715 కూడా ఉండాలి. పాస్‌వర్డ్‌లు మార్చేది శుభ్రమైన మెషిన్ నుంచే.

కేబుల్ మళ్ళీ పెట్టే ముందు ఇంకొక్కటి. 2017 మేలో ఆంధ్రప్రదేశ్ పోలీసు కంప్యూటర్లను సైతం తాకిన వనాక్రై (ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగే వార్మ్) కూడా 445 పోర్టు దారిలోనే వచ్చింది, కానీ దాని రంధ్రం వేరు. ఎక్స్‌పీకి కేబీ4012598, విండోస్ 7కు కేబీ4012212 పడితే అది మూతపడుతుంది. ఇవన్నీ పడ్డ మెషిన్లను ఒక్కొక్కటిగా స్విచ్‌కు కలపండి, ప్రతిసారీ నెట్‌స్టాట్ చూడండి. ఆఫీసులో తిరిగే పెన్‌డ్రైవ్‌లన్నీ, ముఖ్యంగా టాలీ బ్యాకప్‌ది, స్కాన్ అయ్యేదాకా ఎవరి సొరుగులోకీ వెళ్లకూడదు.