గూడెంలో ఓటు, గ్రామసభ: పని ఇలా మొదలుపెట్టండి

ఏజెన్సీలో ఓటరు నమోదుకి నేను సంత రోజునే ఎంచుకుంటాను. కొండ మీది గూడేలవాళ్లు కూడా ఆ రోజు కిందికి దిగుతారు. ముందు ఓటర్ల జాబితా గట్టిగా చదవండి. పేరు లేనివాళ్లకి ఫారం 6, తప్పు పడితే ఫారం 8. పద్దెనిమిది నిండే పిల్లలు జనవరి దాకా ఆగక్కర్లేదు. ఏప్రిల్, జులై, అక్టోబర్ 1 కూడా అర్హత తేదీలే.

నాకు ఓటుకన్నా గ్రామసభ మీదే ఎక్కువ పట్టుదల. 1996 పెసా చట్టం (షెడ్యూల్డ్ ప్రాంతాల పంచాయతీల చట్టం) ప్రకారం పథకాల లబ్ధిదారులని గుర్తించేది గ్రామసభే. పోడు పనుల వేళ కాకుండా సాయంత్రం సభ పెట్టమని అడగండి. కోయ, కువి మాట్లాడే ఆడవాళ్లని వాళ్ల భాషలోనే చెప్పనివ్వండి. ఊళ్లో చదువుకున్న అమ్మాయి తెలుగులో రాస్తుంది. తీర్మానం చదివి వినిపించాకే వేలిముద్రలు. ఖాళీ పేజీ మీద మాత్రం ఎవరినీ వేయనివ్వకండి.