డెల్టా పెరట్లో తేనెపిట్టలకు పంచదార నీళ్ళు: కలిపే తీరు, పెట్టే తీరు

హమ్మింగ్‌బర్డ్ మన దేశపు పక్షి కాదు. ఉత్తర, దక్షిణ అమెరికా ఖండాలలోనూ వాటి పక్కనున్న దీవులలోనూ తప్ప అది ప్రపంచంలో మరెక్కడా సహజంగా జీవించదు. మూడు వందలకు పైగా ఉన్న దాని జాతులన్నీ అక్కడివే. కోనసీమ ఇళ్ళ ముందు మందార చెట్టు మీద వాలి, వంపు తిరిగిన సన్నని ముక్కును పువ్వులో గుచ్చే చిన్న పక్షిని చూసి కొందరు ఆ పేరుతో పిలుస్తారు గాని, అది తేనెపిట్ట. ఈ రెండు కుటుంబాలకూ దగ్గరి చుట్టరికం లేదు. పూతేనె మీద బతకడం రెండింటికీ అవసరం కావడం వల్ల ముక్కులోనూ నాలుకలోనూ కొంత పోలిక ఏర్పడింది. అమెరికాలో ఆ పక్షుల కోసం పెరళ్ళలో పంచదార నీళ్ళ సీసాలు వేలాడదీసే అలవాటు చాలాకాలంగా ఉంది. అదే పద్ధతిని కొన్ని మార్పులతో మన తేనెపిట్టలకు వాడవచ్చు.

ఆ మార్పులలో ముఖ్యమైనది కూర్చునే చోటు. హమ్మింగ్‌బర్డ్ గాలిలో ఒకేచోట నిలిచి తాగగలదు. తేనెపిట్ట కూడా అవసరమైతే క్షణకాలం అలా నిలవగలదు గాని, కొమ్మ మీద కూర్చుని తాగడానికే ఇష్టపడుతుంది. అందువల్ల ఆన్‌లైన్‌లో దొరికే ఎర్రటి సీసాలు కొనేవారు రంధ్రాల ఎదుట కూర్చునే కడ్డీ ఉన్నదో లేదో ముందుగా చూసుకోవాలి.

గోదావరి డెల్టాలో తరచుగా కనిపించే తేనెపిట్టలు రెండు రకాలు. మొదటి రకంలో మగది దూరానికి నల్లగా కనిపించి, ఎండ పడినప్పుడు నీలం, ఊదా మెరుపులు చూపుతుంది. గూడు కట్టే కాలం దాటితే ఆ మెరుపు ఈకలు చాలావరకు రాలిపోయి, పసుపు పొట్ట మీద నడుమ ఒక నల్లటి చార మాత్రం మిగులుతుంది. రెండవ రకంలో మగదానికి గొంతు ఊదాగా, పొట్ట పసుపుగా ఉంటుంది. ఆడపక్షులు రెండు రకాలలోనూ సాదా గోధుమ, పసుపు రంగులలోనే ఉంటాయి. అన్నీ దాదాపు 10 సెంటీమీటర్ల పొడవు గల పక్షులే.

పంచదార నీళ్ళ కొలత సులభమైనది: ఒక వంతు తెల్ల పంచదారకు నాలుగు వంతుల నీరు. కొలత ఒకే పాత్రతో తీసుకోవాలి. పావు గ్లాసు పంచదారకు ఒక గ్లాసు నీరు చొప్పున కలిపితే తూకంలో సుమారు 18 శాతం పంచదార ఉన్న ద్రవం వస్తుంది. పక్షులు తాగే పూలలోని తేనె కూడా ఇంచుమించు ఆ చిక్కదనంలోనే ఉంటుంది. నీటిని ఒక పొంగు రానిచ్చి దించి, పంచదార వేసి కరిగేదాకా కలిపి, పూర్తిగా చల్లారిన తరువాతనే వాడాలి. మిగిలినదాన్ని మూత ఉన్న సీసాలో పోసి ఫ్రిజ్‌లో ఉంచితే వారం రోజులు నిలుస్తుంది. సముద్రానికి దగ్గరగా ఉన్న ఊళ్ళలో బోరు నీళ్ళు ఉప్పగా ఉంటాయి కనుక, ఇంట్లో మనుషులు తాగే నీటినే దీనికీ వాడాలి.

డెల్టాలో బెల్లానికి కొదవ లేదు, తేనె కూడా దొరుకుతుంది, కాబట్టి పంచదార కంటే అవే మేలు కదా అని అనిపించవచ్చు. ఈ పనికి రెండూ పనికిరావు. బెల్లంలో ఇనుము మొదలైన ఖనిజాలు ఉంటాయి. మనకు మంచివైనా, పూతేనెకు అలవాటుపడిన చిన్న పక్షి శరీరం వాటిని ఆ మోతాదులో తట్టుకోలేదు. తేనెను నీటితో పలుచన చేస్తే త్వరగా పులిసి బూజు పడుతుంది. తీపినిచ్చే మాత్రలలో పక్షికి శక్తినిచ్చేది ఏమీ లేదు. ఎర్ర రంగు కలపడం ఎంతమాత్రమూ అవసరం లేదు: పక్షిని పిలవవలసిన ఎరుపు సీసా మీద ఉంటే చాలు.

పాత్రను ఇంట్లోనే తయారుచేసుకోవచ్చు. బిగుతైన మూత గల చిన్న ప్లాస్టిక్ డబ్బా ఒకటి తీసుకుని, మూతకు 3 లేదా 4 మిల్లీమీటర్ల రంధ్రాలు మూడు నాలుగు పెట్టి, వాటి చుట్టూ ఎర్రటి ప్లాస్టిక్ రేకులు పూవులా అమర్చాలి. రంధ్రానికి రెండు మూడు సెంటీమీటర్ల దూరంలో సన్నని పుల్ల ఒకటి అడ్డంగా కట్టాలి. అది పట్టు దొరికేటట్లు గరుకుగా ఉండాలి. మూత నుంచి ద్రవం ఒక సెంటీమీటరు కంటే కిందికి పోకుండా చూడాలి, లేకపోతే పక్షికి అందదు. బోర్లించిన సీసాల కంటే ఇటువంటి చదునైన డబ్బా మేలని నా అభిప్రాయం. ఎండకు గాలి వ్యాకోచించినప్పుడు బోర్లించిన సీసా కారుతుంది, కారిన తీపికి ఊరి చీమలన్నీ చేరతాయి.

చీమలకు మందు కొబ్బరిచిప్పలో ఉంది. కన్ను ఉన్న సగం చిప్పను తీసుకుని, కంటి గుండా తీగను దూర్చి, రంధ్రాన్ని మైనంతో మూసివేసి, చిప్పలో నీళ్ళు పోసి దాని కింద డబ్బాను వేలాడదీయాలి. తీగ మీదుగా దిగే చీమ నీటి దగ్గర ఆగిపోతుంది. ఆ నీటిని ఒకటి రెండు రోజులకొకసారి పారబోసి మార్చకపోతే దోమలు గుడ్లు పెడతాయి. డెల్టాలో ఈ హెచ్చరికకు వివరణ అక్కరలేదు. తీగకు నూనె, గ్రీజు రాయడం, చీమల చాక్‌పీసు గీయడం చేయకూడదు. మొదటివి ఈకలకు అంటుకుంటాయి, చివరిది విషం.

డబ్బాను వసారా చూరు కిందనో చెట్టు నీడలోనో, పిల్లి ఎగిరినా అందని ఎత్తులో, మొదట్లో పూలు పూసే మొక్కకు దగ్గరగా కట్టాలి. పక్షి వచ్చి తాగడం అలవాటైన తరువాత రోజుకు కొంచెం చొప్పున కిటికీ వైపు జరపవచ్చు. ఎండాకాలంలో ద్రవాన్ని ప్రతిరోజూ, చలికాలంలో రెండు మూడు రోజులకొకసారి మార్చాలి. మబ్బుగా మారినా, పుల్లని వాసన వచ్చినా గడువుతో పని లేకుండా వెంటనే పారబోయాలి. మార్చిన ప్రతిసారీ వేడినీటితో, సీసాలు కడిగే సన్నని బ్రష్షుతో రంధ్రాల లోపల కూడా తోమాలి. నల్లటి బూజు కనిపిస్తే వెనిగర్ కలిపిన నీటిలో నానబెట్టి, వాసన పోయేదాకా కడగాలి. ఇంత శ్రద్ధ పెట్టే తీరిక లేనివారు డబ్బా కట్టకపోవడమే మంచిది, ఎందుకంటే పులిసిన పంచదార నీరు పక్షికి జబ్బు తెస్తుంది.

నిజానికి ఏడాది పొడవునా ఏదో ఒక పువ్వు పూసే గోదావరి డెల్టాలో ఈ డబ్బా కంచంలో పచ్చడి వంటిదే. అసలు భోజనం మొక్కలలో ఉంది. కడియం, కడియపులంక నర్సరీలు దగ్గరలో ఉండగా మొక్కలకు కరువు లేదు గాని, ఎంపికలో జాగ్రత్త కావాలి. ముద్దమందారం కంటే ఒంటిరేక మందారం మేలు. పువ్వు ముందు నుంచి తేనె అందకపోతే తేనెపిట్ట అడుగున ముక్కుతో పొడిచి రంధ్రం చేసి తాగుతుంది. అది దొంగతనమే, పుప్పొడి అంటదు కనుక పువ్వుకు లాభం లేదు. పూర్తిగా విచ్చుకోకుండా కిందికి వేలాడే మిరప మందారం, నూరువరహాలు, దానిమ్మ, మునగ పూత వీటికి బాగా నచ్చుతాయి. నారింజ రంగు గొట్టపు పూలు పూసే హామేలియా ఉష్ణమండల అమెరికా మొక్క. అక్కడ హమ్మింగ్‌బర్డ్‌లు తాగే పూలను ఇక్కడ తేనెపిట్టలు తాగుతాయి. ఒక్క మొక్కే కొనగలిగితే దానినే కొనమని చెబుతాను.

కొనకుండా దొరికేవీ ఉన్నాయి. అరటి గెలలో కాయలు దిగడం పూర్తికాగానే కూర కోసమో, గెల ఊరడం కోసమో పువ్వును కోసేస్తాము. పెరట్లోని ఒక్క చెట్టుకైనా దాన్ని ఉంచితే, దొప్ప లేచిన ప్రతిసారీ తేనెపిట్ట వస్తుంది. మామిడి కొమ్మల మీద పెరిగే బదనిక పూలకు పరాగసంపర్కం చేసేది ముఖ్యంగా ఇవే. బదనిక చెట్టును పీల్చే పరాన్నజీవి కనుక తోటలో దాన్ని కోసివేసే రైతును తప్పుపట్టలేము, అయితే కాపు ఉడిగిన ముసలి మామిడి మీద దాన్ని వదిలివేయవచ్చు.

తేనె ఒక్కటే చాలదు. పిల్లలకు తేనెపిట్టలు పురుగులను, సాలెపురుగులను తెచ్చి పెడతాయి. గూటిని నార, బెరడు ముక్కలతో సంచిలా అల్లి సాలెగూళ్ళ దారంతో బిగిస్తాయి. పెరట్లో పురుగుమందు కొట్టి, చూరు కింద బూజు అంతా దులిపివేసిన ఇంటికి అవి తాగడానికి వస్తాయి గాని గూడు కట్టవు. కొబ్బరి ఆకు మీద తెల్లదోమ కనిపించగానే మందు కొట్టేముందు, బలమైన నీటి ధారతో ఆకుల అడుగును కడిగి చూడడం మంచిది. వసారాలో బట్టలారవేసే తీగకు, కరెంటు తీగ కొసకు కూడా ఇవి గూళ్ళు కడతాయి. అలా కడితే పిల్లలు ఎగిరిపోయేదాకా ఆ తీగను వాడకుండా వదిలివేయాలి. గూటిని తాకడం, పిల్లలను తీసి పెంచాలనుకోవడం తగదు, అడవి పక్షిని బంధించి ఉంచడం 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం కూడా. గూడు కట్టే కాలంలో మగపక్షి అద్దంలో తన నీడనే పోటీదారుగా భావించి పొడుస్తుంది కనుక మోటార్‌సైకిల్ అద్దాలకు గుడ్డసంచి తొడగాలి.

సంక్రాంతికో పెళ్ళికో నాలుగు రోజులు ఊరు వెళ్ళేటప్పుడు, తుపాను హెచ్చరిక వచ్చినప్పుడు డబ్బాను దింపి, కడిగి, ఆరబెట్టి లోపల పెట్టాలి. ఆ నాలుగు రోజులు పక్షులు పస్తుండవు. పూల చెట్లు ఎక్కడెక్కడ ఉన్నాయో వాటికి తెలుసు. తిరిగి వచ్చాక అదే చోట కట్టాలి, చోటు మారితే మళ్ళీ కనిపెట్టడానికి వాటికి కొంత సమయం పడుతుంది.