కార్ట్రిడ్జ్ విప్పే ముందు సీలింగ్ ఫ్యాన్ ఆపండి

ఇన్నేళ్లలో రికార్డు ప్లేయర్‌లో పాటలు విని విని అరగదీసిన ముల్లు నా దగ్గర ఒక్కటే. ముల్లుని పట్టుకుని ఉండే చిన్న డబ్బీని, అంటే కార్ట్రిడ్జ్‌ని, బిగిస్తూ విరిచినవి మాత్రం రెండు. మొదటిది చొక్కా కఫ్‌కి తగులుకుని పోయింది. రెండోదాని సంగతి ఇంకా సిగ్గుచేటు. స్క్రూలు దొర్లిపోకుండా ఉంటాయని బల్ల మీద టర్కీ తువాలు పరిచాను. దాని నూలుపోగు ముల్లుని మోసే కడ్డీని (కాంటిలీవర్‌ని) పట్టుకుంది, నేను చూసుకోకుండా చెయ్యెత్తాను. చీపురుపుల్ల కొసకన్నా సన్నగా ఉండే ఆ కడ్డీ ఒకసారి వంగిందంటే మళ్లీ సరిచేయడం మన వల్ల కాదు.

అందుకని బల్ల మీద తెల్ల కాగితం పరవండి. చొక్కా చేతులు పైకి మడవండి. స్క్రూలు, నట్లు ఓ ప్లాస్టిక్ మూతలో వేసుకోండి. ఆంప్లిఫయర్ ఆపేసి, టర్న్‌టేబుల్ ప్లగ్గు పీకేయండి. ఆంప్లిఫయర్ ఆన్‌లో ఉండగా వైర్లు కదిపితే వచ్చే ‘భుమ్మ్’ శబ్దానికి స్పీకర్లు దెబ్బతినొచ్చు.

ఆడియో-టెక్నికా వీఎం95, ఆర్టోఫోన్ 2ఎం లాంటి కార్ట్రిడ్జ్‌లకి ముల్లు విడిగా ఊడివస్తుంది. స్క్రూడ్రైవర్ ముట్టుకునే ముందే దాన్ని తీసి డబ్బాలో పెట్టి మూతేయండి. మూవింగ్ కాయిల్ (ముల్లుతోపాటు తీగచుట్ట కదిలే) రకాల్లో చాలావాటికి ఆ సౌకర్యం లేదు, వాటికి ముల్లుని కప్పే తొడుగు (గార్డు) చివరిదాకా ఉండాల్సిందే. పైగా లోపలి అయస్కాంతం బలంగా ఉంటుంది, ఇనుప స్క్రూడ్రైవర్ని చటుక్కున తనవైపు లాగేసుకుంటుంది. మల్టీమీటర్ పెట్టి కాయిల్ పరీక్ష చేయాలన్న సరదా కూడా వద్దు.

వైర్ల రంగులు: తెలుపు ఎడమ సిగ్నల్, నీలం దాని గ్రౌండ్. ఎరుపు కుడి సిగ్నల్, ఆకుపచ్చ దాని గ్రౌండ్. వెంట్రుకంత సన్నటి వైరు పట్టుకుని లాగితే టంకం దగ్గర తెగుతుంది, చివరనున్న క్లిప్పునే ట్వీజర్‌తో పట్టుకోండి. క్లిప్పు వదులైతే పంటిపుల్ల దూర్చి పైనుంచి మెల్లగా నొక్కండి. కార్ట్రిడ్జ్ పిన్నుకి వైరు తగిలి ఉండగా మాత్రం టంకం పెట్టొద్దు, ఆ వేడికి పిన్ను చుట్టూ ఉన్న ప్లాస్టిక్ మెత్తబడుతుంది, లోపలి కాయిల్ తీగ కూడా తెగొచ్చు.

ఇక ఫ్యాన్ సంగతి. ముల్లు రికార్డు మీద మోపాల్సిన బరువు పెట్టే ముందు టోన్ ఆర్మ్ (కార్ట్రిడ్జ్‌ని మోసే పొడవాటి చెయ్యి) గాల్లో సమంగా తేలేలా వెనక బరువు సరిచేస్తాం కదా, ఆ కాసేపూ ముల్లుకి అసలైన గండం. యాంటీ స్కేట్ (ఆర్మ్ లోపలికి జారకుండా బయటివైపు లాగే అమరిక) సున్నాలో లేకపోతే ఆర్మ్ పక్కకి జారుతుంది, ఫ్యాన్ గాలికి ఊగుతుంది. అలాగని గార్డు ఉంచి బ్యాలెన్స్ చేయకండి. తర్వాత గార్డు తీయగానే దాని బరువంతా తగ్గిపోతుంది, మీరు 2 గ్రాములు అనుకున్నది ఒకటిన్నరో ఇంకా తక్కువో అవుతుంది. తక్కువైతే రికార్డుకి మంచిదేగా అనుకుంటారు చాలామంది. నిజానికి కొంచెం ఎక్కువ బరువుకన్నా మరీ తక్కువ బరువే ప్రమాదం. ముల్లు గాడిలో కుదురుగా ఉండక ఎగిరెగిరి పడి గోడల్ని చెక్కేస్తుంది. వీఎం95ఈకి 2.0, 2ఎం రెడ్‌కి 1.8 గ్రాములు పెట్టమని కంపెనీలే చెబుతాయి. చిన్న డిజిటల్ కాటా ఒకటి కొనుక్కోండి.

కార్ట్రిడ్జ్ అమరికకి నెట్‌లో దొరికే బేర్వాల్డ్ లెక్క ప్రొట్రాక్టర్ కాగితం (ముల్లు స్థానం, కోణం సరిచూసే గీతల కాగితం) చాలు. కాకపోతే ప్రింటర్ దాన్ని పేజీకి సరిపడా కుదించేస్తుంది. స్పిండిల్ (రికార్డు మధ్య రంధ్రంలో దూరే కడ్డీ) కేంద్రం నుంచి 66, 121 మి.మీ. దూరంలో ఉండాల్సిన రెండు చుక్కల్నీ స్కేలుతో కొలిచాకే వాడండి. టెక్నిక్స్ ఎస్‌ఎల్-1200 టర్న్‌టేబుల్ ఉన్నవాళ్లకి ఇంకా తేలిక, హెడ్‌షెల్ (కార్ట్రిడ్జ్ బిగించే తల) వాషర్ దగ్గర్నుంచి ముల్లు కొసకి 52 మి.మీ. ఉంటే కంపెనీ లెక్క సరిపోయినట్టే. స్క్రూలు రెండూ మార్చి మార్చి కొద్దికొద్దిగా బిగించండి. కార్ట్రిడ్జ్ కదలకపోతే చాలు, బలం చూపించక్కర్లేదు.

తాతగారి ట్రంకుపెట్టెలోంచి తీసిన 78 (నిమిషానికి 78 చుట్లు తిరిగే) రికార్డుని ఈ ముల్లు కిందే పెట్టేయకండి. ఎల్పీ ముల్లు కొస దాదాపు 18 మైక్రాన్లు. 78 గాడి చాలా వెడల్పు, దానికి అంతకు మూడునాలుగు రెట్ల లావు ముల్లు కావాలి.

అన్నీ అయ్యాక కొత్త రికార్డు తీయొద్దు. గీతలుపడ్డ పాత ఎల్పీ ఏదైనా పెట్టి, లేబుల్ పక్కనున్న ఆఖరి పాట వినండి. గాయని ‘స’, ‘శ’ అన్నచోట నూనెలో నీటిచుక్క పడ్డట్టు చిటపటలాడితే, ప్రొట్రాక్టర్ మళ్లీ పెట్టి కార్ట్రిడ్జ్‌ని అర మి.మీ. ముందుకో వెనక్కో జరపండి. జరిపే ముందు ముల్లు తీయడం మర్చిపోకండి.