ఎల్‌డీహెచ్‌కి రక్తం తీసేటప్పుడు

మా ల్యాబ్‌కి డీఎంఎల్‌టీ (ల్యాబ్ టెక్నీషియన్ కోర్సు) పిల్లలు ట్రైనింగ్‌కి వస్తే ముందు ఎల్‌డీహెచ్ శాంపిలే తీయిస్తాను. ఎవరి చెయ్యి ఎలాంటిదో ఈ ఒక్క టెస్టులో బయటపడిపోతుంది.

లాక్టేట్ డీహైడ్రోజినేస్ అనే ఈ ఎంజైమ్ ఒంట్లో దాదాపు ప్రతి కణంలోనూ ఉంటుంది. పరుగెత్తేటప్పుడు కండరానికి ఆక్సిజన్ చాలకపోతే, పైరువేట్‌ను లాక్టేట్‌గా మార్చి ఎన్ఏడీ అనే సహాయక అణువును మళ్లీ తయారు చేస్తుంది. అది ఉంటేనే గ్లూకోజ్ నుంచి శక్తి రావడం ఆగదు. ఆక్సిజన్‌తో శక్తి తయారుచేసే మైటోకాండ్రియా లేని ఎర్రకణానికైతే ఎప్పుడూ ఇదే దారి. అందుకే ఎర్రకణం లోపల ఎల్‌డీహెచ్ సీరంలో (రక్తం గడ్డకట్టాక మిగిలే ద్రవంలో) కంటే వంద రెట్లకు పైగా ఉంటుంది. సూది దగ్గర కొన్ని కణాలు చితికినా చాలు, అంకె ఎగబాకుతుంది. ఇంట్లోవాళ్లకి టెన్షన్ మొదలవుతుంది.

స్పిరిట్ రాశాక పూర్తిగా ఆరనివ్వండి. చేతికి బిగించే పట్టీ, అంటే టోర్నికెట్, నిమిషం దాటి ఉంచొద్దు. పెద్దవాళ్లకి 21 లేదా 22 గేజ్ సూది వాడండి. సిరంజి పిస్టన్‌ని గట్టిగా లాగితే లోపల నురగ వస్తుంది, అంటే కణాలు పగులుతున్నట్టే. తీశాక సూది విప్పేసి, ట్యూబు గోడ వెంట రక్తాన్ని మెల్లగా జారనివ్వండి. రెడ్ క్యాప్ ట్యూబును ఊపొద్దు. గడ్డకట్టడానికి అరగంట ఇచ్చి, ఆ తర్వాతే సెంట్రిఫ్యూజ్‌లో పెట్టండి.

బయటికి తీశాక ట్యూబు వెనక తెల్ల కాగితం పెట్టి చూడండి. సీరం లేత పసుపుగా ఉంటే నడపండి. గులాబీ ఛాయ కనిపిస్తే మిషన్ ఎక్కించొద్దు, మళ్లీ రక్తం తీయండి. జాగ్రత్తగా తీసిన రెండో శాంపిల్ కూడా గులాబీగానే ఉందా? ఇక మీ చేతిని అనుమానించకండి. పేషెంట్ ఒంట్లోనే ఎర్రకణాలు పగులుతూ ఉండొచ్చు. రిపోర్టు కోసం ఆగకుండా డాక్టర్‌కి ఫోన్ చేయండి.

కనబడిన శాంపిలల్లా ఫ్రిజ్‌లో పెట్టే అలవాటు మనవాళ్లకి బాగా ఉంది. ఈ టెస్టుకి అది పనికిరాదు. ఎల్‌డీహెచ్‌లో ఐదు రకాలున్నాయి, వాటిలో లివర్‌లోనూ కండరాల్లోనూ ఎక్కువగా ఉండే ఐదో రకం చలికి తట్టుకోదు. సీరం వేరుచేసి గది వేడిమిలోనే ఉంచి, అదే రోజు చేసేయండి.

నార్మల్ ఎంతో మీ కిట్ కాగితంలో చూసి రాయండి. పైరువేట్ నుంచి లాక్టేట్ వైపు కొలిచే పద్ధతిలో అంకె లాక్టేట్ నుంచి పైరువేట్ వైపు కొలిచే రెండో పద్ధతి కంటే దాదాపు రెట్టింపు వస్తుంది. వేరే ల్యాబ్ రిపోర్టుతో పోల్చి పేషెంట్‌ని భయపెట్టొద్దు. ఏ అవయవం దెబ్బతిందో కూడా ఈ ఒక్క అంకె చెప్పలేదు. ఒకప్పుడు గుండెపోటుకి దీన్నే చూసేవాళ్లు, ఇప్పుడు ఆ పని గుండె కండరం దెబ్బతింటే రక్తంలో పెరిగే ట్రోపోనిన్‌ది. బీ12 లోపంతో వచ్చే రక్తహీనతలో, లింఫోమా అనే క్యాన్సర్‌లో మాత్రం డాక్టర్లు ఇప్పటికీ అడుగుతారు.

ఊపిరితిత్తుల చుట్టూ చేరిన నీరు పరీక్షకి వస్తే ఇంకో పని ఉంది. 1972లో లైట్ అనే డాక్టర్ బృందం ఇచ్చిన కొలతల్లో ఒకదాని ప్రకారం, నీటిలోని ఎల్‌డీహెచ్‌ని సీరంలోని ఎల్‌డీహెచ్‌తో భాగిస్తే వచ్చేది 0.6 దాటితే అది ఎగ్జుడేట్, అంటే ఇన్ఫెక్షన్, క్యాన్సర్ లాంటి వాటివల్ల ఊరిన నీరు. నీళ్ల సీసా ఒక్కటే పంపితే ఈ లెక్క తేలదు, కాబట్టి వార్డుకి ఫోన్ చేసి అదే రోజు తీసిన రక్తం కూడా అడగండి.